ఓపీ గదిలో మాటలు: మనుషుల సంభాషణపై పరిశోధనకు సరైన పద్ధతి ఎంచుకోవడం ఎలా?

సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) రాయడానికి కూర్చున్న పరిశోధక విద్యార్థుల్లో చాలామంది "నేను సర్వే చేస్తాను" అని ముందే అనేసుకుంటారు. ఆ తర్వాత సర్వేకి సరిపోయే ప్రశ్న కోసం వెతుకుతారు. గైడ్‌గారికి సర్వే అలవాటు, సీనియర్ల థీసిస్‌లో ప్రశ్నావళి దొరుకుతుంది, గూగుల్ ఫారానికి ఖర్చు లేదు. పని చకచకా మొదలవుతుంది. చిక్కు వైవాలో (చివరి మౌఖిక పరీక్షలో) బయటపడుతుంది. రెండేళ్ళు కష్టపడి పోగేసిన లెక్కలు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవు.

అందుకే ఇక్కడ వరస మార్చి చెబుతున్నాం. ముందు ప్రశ్న తేల్చుకోవాలి. దానికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుందో చూసుకోవాలి. ఆ సాక్ష్యాన్ని పట్టుకోగల పద్ధతి ఏదో అప్పుడు ఆలోచించాలి. శాంపిల్, సమయం, ఖర్చు ఆ తర్వాతి సంగతి. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణతో నడుద్దాం: ప్రభుత్వాసుపత్రి ఓపీలో డాక్టరుకూ రోగికీ మధ్య జరిగే మాటలు. హోదా తేడా, యాస తేడా, తొందర, భయం, పక్కనే నిలబడి తనే జవాబు చెప్పేసే చుట్టం, ఇలా సంభాషణలో ఉండే చిక్కులన్నీ ఆ గదిలో ఒక్కచోటే కనిపిస్తాయి.

మొదటి మెట్టు: అంశాన్ని ప్రశ్నగా మార్చండి

"డాక్టర్–రోగి సంభాషణ: ఒక అధ్యయనం" అన్నది అంశం మాత్రమే. దాన్ని కాస్త కదిపితే లోపల కనీసం ఐదు ప్రశ్నలున్నాయి.

1. ఓపీ నుంచి బయటికొచ్చిన వాళ్ళలో ఎంతమంది తమ మందులు ఎప్పుడు, ఎన్ని వేసుకోవాలో సరిగ్గా చెప్పగలుగుతున్నారు?
2. అర్థం కాకపోయినా రోగులు మళ్ళీ ఎందుకు అడగరు?
3. రోగి చెప్పుకుంటున్న మాట ఎక్కడ, ఎలా తెగిపోతుంది?
4. తెలుగు దినపత్రికల ఆరోగ్య పేజీలు ఏ జబ్బుల గురించి, ఎవరి మాటగా రాస్తున్నాయి?
5. "ఇప్పుడు మీరొకసారి చెప్పండి" అని డాక్టరు చివర్లో అడిగితే, మందుల సంగతి రోగికి ఎక్కువ గుర్తుంటుందా?

ఐదింటికీ ఐదు పద్ధతులు కావాలి. "ఎంతమంది" అంటే లెక్క, కాబట్టి సర్వే. "ఎలా" అంటే జరుగుతున్నది జరుగుతుండగా చూడాలి, కాబట్టి రికార్డింగ్. అచ్చయినదాంట్లో ఏముందో తెలియాలంటే విషయ విశ్లేషణ. "ఫలానాది చేస్తే ఫలానాది మారుతుందా" అంటే ప్రయోగం.

"ఎందుకు" దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి, ఎక్కువమంది జారిపడేది అక్కడే. "అడిగితే విసుక్కుంటారేమోనని ఊరుకున్నా" అన్నది రోగి తన మనసులో పెట్టుకున్న కారణం. అది ఇంటర్వ్యూలో దొరుకుతుంది. "వరసలో జనం ఎక్కువుంటే రోగులు అడగడం తగ్గుతుందా" అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు రోగికే తెలియకపోవచ్చు. జనం ఎక్కువున్న రోజుల్నీ తక్కువున్న రోజుల్నీ పోల్చి చూస్తేనే తేలుతుంది. మీ "ఎందుకు" ఈ రెంటిలో ఏదో సినాప్సిస్‌లోనే రాసుకోండి.

ప్రశ్న పక్వానికి వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఎవరు, ఎక్కడ, ఏ కాలంలో, ఏ మాట లేదా ఏ పని అన్న నాలుగూ ఒకే వాక్యంలో ఇమడాలి. "గ్రామీణ ప్రజల్లో ఆరోగ్య సమాచార ప్రభావం" లాంటి వాక్యం ఈ పరీక్షలో నిలవదు. అందులో "ప్రభావం" అనే మాటను దేనితో కొలుస్తారో చెప్పలేరు.

రెండో మెట్టు: సాక్ష్యం ఎక్కడుందో చూడండి

మనిషి చెప్పేది, చేసేది, గుర్తున్నదని అనుకునేది, ఈ మూడూ ఒకటి కావు. ఈ తేడాను సామాజిక శాస్త్రవేత్త రిచర్డ్ లాపియర్ 1934లో అచ్చయిన వ్యాసంలో బాగా చూపించాడు. ఒక చైనా దంపతులతో కలిసి అమెరికా అంతా కారులో తిరిగాడు. 251 హోటళ్ళకూ వసతి గృహాలకూ వెళితే ఒక్క చోటే వద్దన్నారు. ఆ తర్వాత అవే చోట్లకు "చైనీయుల్ని అతిథులుగా రానిస్తారా" అని ఉత్తరాలు రాస్తే, జవాబిచ్చినవాళ్ళలో 90 శాతానికి పైగా రానివ్వమన్నారు. ఉత్తరాన్ని మాత్రమే నమ్మితే ఒక ముగింపు వస్తుంది, ప్రయాణాన్ని మాత్రమే నమ్మితే దానికి పూర్తి విరుద్ధమైన ముగింపు వస్తుంది.

ఓపీలోనూ అంతే. "రోగులకు అన్నీ వివరంగా చెబుతాను" అని డాక్టరు నిజాయితీగానే అంటారు. "అంతా అర్థమైందండి" అని రోగి కూడా అంటాడు. ఆ రెండు జవాబులూ వాళ్ళ అభిప్రాయానికి సాక్ష్యాలు, గదిలో జరిగినదానికి కావు. అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ 1984లో 74 సంప్రదింపుల రికార్డింగులు విని చూశారు. తన బాధంతా మొదట్లోనే పూర్తిగా చెప్పుకోగలిగిన రోగులు 23 శాతం. డాక్టరు అడ్డుపడేలోపు దొరికిన సమయం సగటున 18 సెకన్లు. ఆ 18 సెకన్లను ఏ ప్రశ్నావళీ పట్టుకోలేదు, ఎందుకంటే డాక్టరూ లెక్కపెట్టడు, రోగీ లెక్కపెట్టడు.

ప్రతి ప్రశ్న పక్కనా ఒక మాట రాసుకోండి: అభిప్రాయం, ప్రవర్తన, జ్ఞాపకం, అచ్చు, కారణం. రాసిన మాటకూ ఎంచుకున్న పద్ధతికీ పొంతన లేకపోతే అక్కడే ఆగిపోండి.

మూడో మెట్టు: పద్ధతి లోపలికి వెళ్ళండి

సర్వే

384 అనే అంకె అందరికీ తెలుసు. 95 శాతం నమ్మకంతో, అటూ ఇటూ 5 శాతం తేడాతో ఒక నిష్పత్తి చెప్పాలంటే కావలసిన శాంపిల్ అది. తేడా 3 శాతానికి తగ్గాలంటే 1,067 మంది కావాలి. మొత్తం జనమే తక్కువైతే అంకె తగ్గుతుంది. నెలకు 1,200 మంది వచ్చే ఓపీ అయితే సుమారు 291 చాలు. అయితే ఈ లెక్కలన్నీ రాండమ్ శాంపిల్‌కే, అంటే చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకున్న మనుషులకే వర్తిస్తాయి. వాట్సాప్ గ్రూపుల్లో గూగుల్ ఫారం తిప్పి 384 జవాబులు తెచ్చుకుని "5 శాతం తేడాతో" అని రాయడం తప్పు. శాంపిల్ పెద్దదైతే పక్షపాతం పోతుందన్న భ్రమను 1936 అమెరికా ఎన్నికలే పోగొట్టాయి. లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు తెచ్చుకుని, అభ్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. అతని ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ ఘనవిజయం సాధించాడు. కార్డులు వెళ్ళింది ఎక్కువగా టెలిఫోన్లూ కార్లూ ఉన్నవాళ్ళకి, తిరిగి పంపింది వాళ్ళలోనూ పట్టుదల ఉన్నవాళ్ళు.

ఆసుపత్రిలో రాండమ్ శాంపిల్ తీయడం అనుకున్నంత కష్టం కాదు. రోజుకు 100 మంది వస్తూ మీరు 20 మందితో మాట్లాడగలిగితే, ప్రతి ఐదో మనిషినీ తీసుకోండి. మొదటి మనిషి ఒకటి నుంచి ఐదులో ఎవరన్నది చీటీ తీసి తేల్చండి. వారంలో అన్ని ఓపీ రోజులూ రావాలి. సోమవారం రద్దీలో జరిగే సంభాషణ, శనివారం జరిగేదీ ఒకలా ఉండవు. మాట్లాడనన్నవాళ్ళను వదిలేసి పక్కవాళ్ళను పట్టుకోవద్దు, "నిరాకరించారు" అని రాసుకుని తర్వాతి ఐదో మనిషి కోసం ఆగండి.

ఇంకో ముఖ్యమైన లెక్క ఎక్కువ థీసిస్‌లలో కనిపించదు. ఒకే ఆసుపత్రికి వచ్చినవాళ్ళ అనుభవాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. పది ఆసుపత్రుల్లో ఇరవైమంది చొప్పున 200 మందిని కలిస్తే మీకు 200 మంది బలం రాదు. లోపలి పోలిక (ఒకే ఆసుపత్రివాళ్ళ జవాబులు ఎంత ఒకలా ఉన్నాయో చెప్పే అంకె) 0.05 అనుకుంటే, ఒక్కో చోట ఇరవైమంది కాబట్టి 1 + (20 − 1) × 0.05 = 1.95. 200ను 1.95తో భాగిస్తే మిగిలేది 103. ఒక్కో ఆసుపత్రిలో జనాన్ని పెంచడం కన్నా ఆసుపత్రుల సంఖ్య పెంచడమే మేలు.

ఇక ప్రశ్నల మాట. తెలుగులో ప్రశ్నావళి రాసేటప్పుడు వచ్చే చిక్కులు ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాల్లో ఉండవు, కాబట్టి ఇక్కడ కొంచెం నెమ్మదిగా నడవాలి.

"డాక్టరుగారు చెప్పింది అర్థం కాలేదా?" అని అడిగితే "లేదండి" అని జవాబొస్తుంది. అర్థం కాలేదనా, అలాంటి ఇబ్బందేమీ లేదనా? రెండు రకాలుగానూ వాడతాం. వ్యతిరేక ప్రశ్న ఒక్కటి కూడా ఉండకూడదు. "డాక్టరు ఓపిగ్గా, అర్థమయ్యేలా చెప్పారా?" అన్నది రెండు ప్రశ్నలు. ఓపిగ్గా అర్థం కాకుండా చెప్పే డాక్టర్లూ ఉంటారు.

"పర్వాలేదు" అనే మాటను స్కేలు మధ్యలో పెట్టేవాళ్ళు చాలామంది. అది మధ్యలో ఉండే మాట కాదు. ఒకరు "బాగానే ఉంది" అనే అర్థంలో అంటారు, ఇంకొకరు మర్యాద కోసం "అంత బాగాలేదు" అనడానికి అంటారు. ఐదు మెట్ల స్కేలు చదివి వినిపించే బదులు రెండు సార్లు అడగండి. ముందు "బాగుందా, బాగాలేదా?", జవాబు వచ్చాక "కొంచెమా, చాలానా?". నోటితో అడిగే సర్వేలో చదువుకోని పెద్దవాళ్ళ దగ్గర కూడా ఈ పద్ధతి తడబడదు.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది "అర్థమైందా?" అన్న ప్రశ్న. దానికి అందరూ అర్థమైందనే అంటారు. కాదనడం డాక్టరుగారిని తప్పుపట్టినట్టు, తన తెలివిని తక్కువ చేసుకున్నట్టు. అందుకని మందుల సంచీ చేతిలో ఉండగానే, "ఈ మాత్ర ఎప్పుడెప్పుడు వేసుకుంటారో చెప్పండి" అని అడగండి. చీటీలో 1-0-1 (పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి) అని ఉంటే జవాబును దానితో పోల్చి, సరిగ్గా చెప్పారు, కొంత చెప్పారు, తప్పు చెప్పారు అని మూడు గళ్ళలో ఒకదాంట్లో గుర్తు పెట్టండి. అభిప్రాయం అడిగే ప్రశ్న ఈ ఒక్క మార్పుతో అవగాహనను కొలిచే ప్రశ్న అవుతుంది. తిరిగి చెప్పింది రోగా, వెంట వచ్చినవాళ్ళా అన్నదానికి ఇంకో గడి పెట్టండి. అది లేకపోతే కోడలి జ్ఞాపకశక్తి అత్తగారి ఖాతాలో పడుతుంది.

మాటల విషయంలో ఊరి నుడి పాటించండి. ఒకచోట మాత్ర, ఒకచోట బిళ్ళ, తెలంగాణలో గోలీ. ఒకచోట ఎగపోత, ఒకచోట ఆయాసం, ఇంకోచోట దమ్ము. జ్వరాన్ని జరమనేచోట జరమనే అడగండి. "సంతృప్తికరంగా ఉన్నదా" లాంటి మాట వినగానే రోగి నిటారుగా కూర్చుని, సర్కారు మనిషికి చెప్పే జవాబు చెబుతాడు. ఇంగ్లిష్ ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చుకుంటే, అసలు చూడని ఇంకొకరితో తిరిగి ఇంగ్లిష్‌లోకి చేయించి రెండూ పోల్చండి. అడిగే చోటు కూడా ముఖ్యం. నర్సు వినేంత దూరంలో అడిగితే అందరూ సంతోషంగానే ఉంటారు. గేటు దాటాక, బస్టాపు దగ్గర అడగండి.

ఇంటర్వ్యూలు, బృంద చర్చలు

ఎంతమంది చాలన్నదానికి కొత్త సంగతులు రావడం ఆగిపోయేదాకా అన్నది వాడుకలో ఉన్న జవాబు. గెస్ట్, బన్స్, జాన్సన్ 2006లో ఘానా, నైజీరియాల్లో చేసిన 60 ఇంటర్వ్యూలను తిరిగి పరిశీలించి, ముఖ్యాంశాలు దాదాపుగా మొదటి 12లోనే వచ్చేశాయని చూపారు. అయితే అది ఒకే రకం మనుషులతో ఒకే అంశం మీద చేసిన పని. మీరు వృద్ధుల్నీ గర్భిణుల్నీ వలస కూలీల్నీ కలిపితే ఒక్కో రకానికి పది పన్నెండు అనుకోండి.

"ఎందుకు అడగలేదు?" అని నేరుగా అనొద్దు. తెలుగులో ఆ మాట నిలదీసినట్టు ఉంటుంది, మనిషి వెంటనే తనను సమర్థించుకోవడం మొదలుపెడతాడు. "పోయినసారి ఆసుపత్రికి వెళ్ళారు కదా, లోపలికి అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఏం జరిగిందో చెప్పండి" అనండి. వింటూ మధ్యలో "అప్పుడు మీకేమనిపించింది?" అంటే చాలు. సాధారణంగా ఏం చేస్తారన్న ప్రశ్నకు వచ్చేది ఆదర్శం. చివరిసారి ఏం జరిగిందన్న ప్రశ్నకు వచ్చేది అనుభవం.

బృంద చర్చకు ఆరు నుంచి ఎనిమిది మంది, గంటన్నర. అత్తాకోడళ్ళను, కూలీలనూ వాళ్ళకు పని ఇచ్చే ఆసామినీ ఒకే బృందంలో కూర్చోబెట్టొద్దు. ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్ళు తలాడిస్తారు. ఊళ్ళో "అలా అడగకూడదు" అనుకునే కట్టుబాటు ఏమిటో బృందంలో బాగా బయటపడుతుంది. ఎవరికి వాళ్ళు దాచుకున్న భయం అక్కడ బయటపడదు, దానికి ఒంటరిగా మాట్లాడాలి. ఎనిమిది మంది చర్చించిన ఒక్క బృందం మీ లెక్కలో ఒక్కటే, ఎనిమిది కాదు.

రికార్డింగ్, సంభాషణ విశ్లేషణ

మన దగ్గర తక్కువగా జరిగే పని ఇదే, ఎక్కువ జరగాల్సిందీ ఇదే. హార్వీ శాక్స్, ఇమాన్యుయేల్ షెగ్లోఫ్, గెయిల్ జెఫర్‌సన్ 1974లో సంభాషణలో వంతులు ఎలా మారతాయో వివరిస్తూ రాసిన వ్యాసం ఈ పద్ధతికి పునాది. జెఫర్‌సన్ ఇచ్చిన గుర్తులతోనే ఇప్పటికీ రాస్తారు. ఇద్దరి మాటలు ఒకదానిమీద ఒకటి పడితే చదరపు బ్రాకెట్టు, మౌనానికి సెకన్లు, సాగదీసిన అక్షరానికి రెండు చుక్కలు. మచ్చుకు కల్పించి రాసిన ఈ ముక్క చూడండి.

డా: ఏంటమ్మా?
రో: మొన్నట్నుంచీ ఎగపోతగా ఉంటందండి, రాత్రిపూటయితే అస్స:లు [ఈ పక్క
డా: [దగ్గుందా?
రో: ఆఁ, ఉందండి.
డా: జ్వరం?
రో: లేదండి. (1.2) అంటే::
డా: ఈ మందులు వాడు, తగ్గుద్ది.

మామూలుగా రాస్తే "ఎగపోత, దగ్గు ఉన్నాయి, జ్వరం లేదు, మందులిచ్చారు" అని నాలుగు ముక్కల్లో అయిపోయేది. గుర్తులతో రాస్తే ఇంకా కనిపిస్తాయి. "ఈ పక్క" అనగానే మాట తెగింది, ఏ పక్కో మనకు తెలియలేదు, డాక్టరుకూ తెలియలేదు. 1.2 సెకన్ల మౌనం తర్వాత రోగి "అంటే" అని మళ్ళీ మొదలుపెట్టబోయింది. రోగి ప్రతి మాటకూ "అండి" తగిలిస్తే డాక్టరు "వాడు" అని ఏకవచనంలో ముగించారు. రోగి మాట ఎక్కడ తెగుతుందన్న మూడో ప్రశ్నకు జవాబు ఇలాంటి వరసల్లోనే ఉంది. నలభై సంప్రదింపుల్లో ఇదే వరస ఎన్నిసార్లు, ఏ రకం జవాబు తర్వాత వస్తుందో చూడటమే విశ్లేషణ.

రాసేటప్పుడు యాస దిద్దొద్దు. "ఉంటంది" అన్నదాన్ని "ఉంటోంది" అని రాస్తే సాక్ష్యాన్ని మార్చినట్టే. ఆడియోను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ వాడితే ముసాయిదా కోసమే వాడండి. "ఆఁ", "ఊఁ", మౌనం, తడబాటు వంటివే ముందుగా మాయమవుతాయి, మీకు కావలసినవి అవే.

రికార్డరు ఉందని తెలిస్తే మనుషులు మారిపోరా? మారతారు. దీన్ని భాషాశాస్త్రవేత్త విలియం లాబోవ్ పరిశీలకుడి వైరుధ్యం అన్నాడు. గమనించనప్పుడు మనుషులు ఎలా మాట్లాడతారో తెలుసుకోవాలంటే గమనించక తప్పదు. 1962లో న్యూయార్క్‌లోని మూడు డిపార్ట్‌మెంట్ స్టోర్లలో అతను నాలుగో అంతస్తులో దొరికే వస్తువు ఎక్కడని అడిగేవాడు, "ఫోర్త్ ఫ్లోర్" అన్న జవాబు విని, వినపడనట్టు మళ్ళీ చెప్పించుకుని, పక్కకు వెళ్ళి రాసుకునేవాడు. అలా 264 మంది ఉచ్చారణ సేకరించాడు. దుకాణంలో దారి అడగడం వేరు. రోగుల మాటల్ని చెప్పకుండా రికార్డు చేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. మొదటి రెండు రోజుల రికార్డింగులు అలవాటు పడటానికి అనుకుని వదిలేయండి. రికార్డరు బల్ల మీద పెట్టి మీరు గదిలోంచి బయటికి వచ్చేయండి. సాధారణంగా మనిషి ఉనికి కన్నా యంత్రం ఉనికి త్వరగా మరిచిపోతారు.

విషయ విశ్లేషణ

నాలుగో ప్రశ్నకు ఒక ఏడాది పత్రికలు మొత్తం చదవక్కర్లేదు. ఏడాదిలోని సోమవారాలన్నిట్లోంచి చీటీ తీసి ఒక సోమవారం, అలాగే ఒక మంగళవారం, ఇలా ఏడు రోజులు కలిపితే ఒక "కూర్చిన వారం". దినపత్రికకు ఏడాదికి ఇలాంటివి రెండు, అంటే 14 సంచికలు చాలని రిఫ్, ఆస్ట్, లేసీ 1993లో చూపారు. వరసగా రెండు వారాలు తీసుకుంటే ఆ రోజుల్లో వచ్చిన డెంగీయో వరదో మీ ఫలితాన్ని మింగేస్తుంది. అయితే ఆ 14 మొత్తం పత్రికకు సరిపోయేవి. ఆరోగ్య పేజీ వారానికోసారే వస్తే 14లో రెండే దొరుకుతాయి, అప్పుడు 52 పేజీలూ చదవడమే నయం. తెలుగు పత్రికలకు జిల్లా ఎడిషన్లు వేరు కాబట్టి ఏ ఎడిషన్ అన్నది ముందే రాసుకోండి. ఈ-పేపర్ పాత సంచికలు ఎప్పుడూ దొరుకుతాయనుకోవద్దు, ఎంపిక కాగానే దించి దాచుకోండి.

దేన్ని ఏ గడిలో వేయాలో చెప్పే నిర్వచనాల జాబితా, అంటే కోడ్‌బుక్ రాశాక, ఇద్దరు విడివిడిగా కోడ్ చేయాలి. ఇక్కడ శాతాన్ని నమ్మి మోసపోతారు. రికార్డింగులనూ ఇలాగే కోడ్ చేయొచ్చు కాబట్టి ఓపీ నుంచే లెక్క చూద్దాం. 100 సంప్రదింపుల్లో "డాక్టరు రోగి చేత తిరిగి చెప్పించారా" అని ఇద్దరు కోడ్ చేశారు. ఇద్దరూ లేదన్నవి 88, ఇద్దరూ అవునన్నవి 2, ఒకరే అవునన్నవి 5, రెండోవారే అవునన్నవి 5. ఏకాభిప్రాయం 90 శాతం, చూడటానికి బ్రహ్మాండం. కానీ ఇద్దరూ 93 శాతం "లేదు" అంటున్నప్పుడు కాకతాళీయంగానే 0.93 × 0.93 + 0.07 × 0.07 = 0.87 కలుస్తుంది. ఈ కాకతాళీయ పొత్తును తీసేసి ఏకాభిప్రాయాన్ని కొలిచే కోహెన్ కప్పా లెక్క వేస్తే వచ్చేది 0.23. అంటే అరుదైన "అవును"ను గుర్తుపట్టడంలో ఇద్దరికీ పొత్తు కుదరలేదు. ఇలాంటిదే మరో కొలత అయిన క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా అయితే 0.80 దాటాలి, 0.667 లోపు ఉంటే ఆ అంశాన్ని వాడకూడదు. తక్కువొస్తే కోడర్లను మార్చడం కాదు, నిర్వచనం మార్చండి. "సరేనా?" అని డాక్టరు అడగడం తిరిగి చెప్పించడం కిందికి వస్తుందో రాదో కోడ్‌బుక్‌లో రాసి ఉండదు, గొడవ అక్కడే.

ప్రయోగం

కారణం చెప్పగలిగేది ఇదొక్కటే అనదగ్గంత బలమైన పద్ధతి. అందుకే జాగ్రత్త కూడా ఎక్కువ కావాలి. రెండు గుంపుల మధ్య మధ్యస్థ స్థాయి తేడాను (0.5, అంటే సగటుల తేడా ప్రామాణిక విచలనంలో సగం) 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది, చిన్న తేడా (0.2) అయితే సుమారు 393 మంది కావాలి. గుంపుకు ముప్పైమందితో చేసి "తేడా లేదు" అని రాయడం పొరపాటు, తేడాను చూసే శక్తి ఆ అధ్యయనానికి లేదంతే.

ఓపీలో ఇంకో చిక్కు ఉంది. తిరిగి చెప్పించడం ఒకసారి నేర్చుకున్న డాక్టరు ఎదురుగా ఉన్న రోగి ఏ గుంపో చూసుకుని ఆ అలవాటును ఆపుకోలేరు. కాబట్టి రోగుల్ని కాక ఆసుపత్రులను గుంపులుగా విడగొట్టాలి. అప్పుడు పైన చెప్పిన 1.95 లెక్క మళ్ళీ వర్తిస్తుంది, శాంపిల్ దాదాపు రెట్టింపవుతుంది.

నాలుగో మెట్టు: రెండు పద్ధతులు కలపాలంటే వరస తేల్చండి

"మిశ్రమ పద్ధతి" అని రాసి సర్వే ఒక అధ్యాయంలో, పది ఇంటర్వ్యూలు ఇంకో అధ్యాయంలో పెట్టి, రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా వదిలేయడం మామూలైపోయింది. ఒకదాని ఫలితం రెండోదానికి పని కల్పించాలి.

దీనికి మంచి నమూనా జాన్ హెరిటేజ్ బృందం 2007లో అమెరికాలో చేసిన పని. సంభాషణ విశ్లేషణ వల్ల ప్రశ్నలోని ఒక చిన్న మాట జవాబును ఒకవైపు మొగ్గేలా చేస్తుందని తెలుసు. దాన్ని ప్రయోగంగా మార్చారు. కొందరు డాక్టర్లు ఇంకేదైనా ఉందా అని "ఎనీథింగ్"తో, మరికొందరు "సమ్‌థింగ్"తో అడిగారు. "సమ్‌థింగ్" అడిగినచోట, చెప్పకుండా మిగిలిపోయే సమస్యలు 78 శాతం తగ్గాయి. దీన్ని తెలుగులో చేయాలంటే అనువదిస్తే కుదరదు, ఆ రెండు మాటల తేడా మన "ఏదైనా"లో లేదు. మన దగ్గర మొగ్గు వేరేచోట ఉంది. "ఇంకేం లేవు కదా?" అన్నదానికీ "ఇంకా ఏమున్నాయి, చెప్పండి" అన్నదానికీ మధ్య తేడా చూడండి. కాబట్టి ముందు తెలుగు ఓపీల్లో రికార్డింగులు విని అసలు ఏ రూపాలు వాడుతున్నారో తెలుసుకోవాలి, తర్వాత వాటితో ప్రయోగం చేయాలి. ఇది ఎవరైనా చేయవలసిన పని.

మీడియా వైపు వెళితే, పరిశోధకులు మెక్‌కాంబ్స్, షా 1968 అమెరికా ఎన్నికలప్పుడు చాపెల్ హిల్ అనే ఊళ్ళో, ఎవరికి ఓటేయాలో తేల్చుకోని 100 మందిని ముఖ్య సమస్యలేమిటని అడిగి, వాళ్ళు చూసే మీడియాలో ఏ సమస్యలకు ఎంత చోటుందో కొలిచి, రెండు వరసల్నీ పోల్చారు. పోలిక చాలా దగ్గరగా వచ్చింది. కానీ మీడియా జనాన్ని నడిపిందా, జనం ఆసక్తినే మీడియా చూపిందా అన్నది దాంతో తేలదు. వార్తల టేపుల్లో మార్పులు చేసి చూపించిన అయ్యంగార్, కిండర్ ప్రయోగాలు 1980ల్లో ఆ ఖాళీని పూడ్చాయి.

మన నేలమీద జరిగిన పెద్ద ఉదాహరణ సైట్ (SITE), అంటే ఉపగ్రహం ద్వారా టీవీతో బోధించే ప్రయోగం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఫలితాన్ని సర్వేలతో కొలుస్తూనే మానవశాస్త్ర పరిశోధకులను ఊళ్ళలో కాపురం పెట్టించారు. ఎంతమంది చూశారన్నది సర్వే చెబుతుంది. ఎవరు ఏ అరుగు మీద కూర్చుని చూశారో, ఎవరు రాలేకపోయారో ఊళ్ళో ఉన్న మనిషికే తెలుస్తుంది.

ఐదో మెట్టు: అనుమతి, సమయం

నైతిక కమిటీ ఆమోదం డేటా సేకరించాక అడిగితే రాదు, ముందే అడగాలి, నెలలు పట్టొచ్చు. ఆసుపత్రి అధికారి అనుమతి వేరు, డాక్టరు సమ్మతి వేరు, రోగి సమ్మతి వేరు. చదవలేనివాళ్ళకు పత్రం చదివి వినిపించి, ఆసుపత్రికీ మీకూ సంబంధం లేని సాక్షి ముందు వేలిముద్ర తీసుకోవాలి. 18 ఏళ్ళ లోపువాళ్ళకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. "ఒప్పుకోకపోయినా మీ వైద్యం ఇలాగే జరుగుతుంది" అన్న వాక్యం తెలుగులో, గట్టిగా, మొదట్లోనే చెప్పండి. ఓపీ వరసలో ఉన్న మనిషి మిమ్మల్ని కూడా ఆసుపత్రి మనిషే అనుకుంటాడు.

సమయాన్ని కాగితం మీద లెక్కేయండి. నలభై సంప్రదింపులు, ఒక్కోటి మూడు నిమిషాలు, మొత్తం రెండు గంటల ఆడియో. మామూలుగా రాయడానికి గంట ఆడియోకు ఐదారు గంటలు, అంటే పన్నెండు గంటల్లోపే. గుర్తులతో రాయాలంటే నిమిషానికి గంట పట్టొచ్చు, అంటే 120 గంటలు. అందుకని ప్రతి సంప్రదింపులో మొదటి ముప్పై సెకన్లే గుర్తులతో రాయండి. 20 నిమిషాల ఆడియో, 20 గంటల పని. రోగి మాట తెగేది ఎక్కువగా అక్కడే.

ఆరో మెట్టు: ఫీల్డ్‌కి వెళ్ళకముందే ఖాళీ పట్టిక గీయండి

పది పదిహేనుమందితో పైలట్ (చిన్న ముందస్తు పరీక్ష) చేయాలి. ఇంకా ముందు చేయాల్సిన పని ఒకటుంది. థీసిస్‌లో ఫలితాల అధ్యాయంలో రాబోయే పట్టికను అంకెలు లేకుండా గీయండి. మొదటి ప్రశ్నకైతే అడ్డం వరసల్లో వయసు, చదువు, వెంట ఎవరైనా వచ్చారా అన్నవి, నిలువు గళ్ళలో సరిగ్గా, కొంత, తప్పు అన్నవి. మూడో ప్రశ్నకు పట్టిక కాకుండా మచ్చుకు ఒక సంభాషణ ముక్క, దాని కింద మీరు చెప్పబోయే నాలుగు వాక్యాల చోటు.

ఇప్పుడు ప్రశ్నావళి పక్కన పెట్టుకుని ప్రతి గడీ ఏ ప్రశ్న జవాబుతో నిండుతుందో వేలుపెట్టి చూపండి. ఏ గడికీ చేరని ప్రశ్నలు కొట్టేయండి. ఏ ప్రశ్నా చేరని గడి ఉంటే ఆ ప్రశ్న రాయండి. గళ్ళన్నీ నిండినా మీ అసలు ప్రశ్నకు జవాబు రాదనిపిస్తే పద్ధతి మార్చండి. ఇంకా ఒక్క రోగినీ కలవలేదు కాబట్టి మారిస్తే పోయేది ఒక సాయంత్రమే.